వదలడం నేర్చిన గాజు

సత్యవేణి చేసిన గాజు మొదటిసారి తనంతట తాను మానిన రోజున పరిశోధనశాలలో ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళంతా భోజనానికి వెళ్ళారు. కాకినాడ శివార్లలో, ఉప్పుగాలికి కిటికీ చువ్వలు ఏటా తుప్పు పట్టిపోయే చోట ఉంది ఆ చిన్న పరిశోధనశాల. ఆమె, ఆమెతో ఎన్నో ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్న రహమతుల్లా, ఇనుప చట్రంలో బిగించిన గాజు పలక ముందు నిలబడ్డారు. రహమతుల్లా సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.

టిక్కుమంది. మూల నుంచి నడిమి దాకా వెంట్రుకలాంటి బీట పాకింది.

"ఇదీ పోయింది," అన్నాడు రహమతుల్లా, సుత్తి బల్ల మీద పెట్టేస్తూ.

"ఉండండి."

ఆమె వంగి దగ్గరగా చూసింది. బీట కొస మసకబారింది. తరవాత ఆ కొస నుంచే, ఎవరో లోపల కూర్చుని సంచి జిప్పు లాగుతున్నట్టు, బీట వెనక్కి మూసుకుంటూ వచ్చింది. ఒక గుక్క టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. సత్యవేణి వేలితో తడిమింది. గోటికి ఏమీ తగల్లేదు.

"మళ్ళీ కొట్టనా?" అని అడిగాడు రహమతుల్లా. గొంతు తగ్గించి, నిద్రపోయే పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు మాట్లాడాడు.

"కొట్టండి."

భోజనాలు ముగించుకుని మిగతావాళ్ళు తిరిగొచ్చేసరికి ఇద్దరి చేతులూ నొప్పులు పుట్టాయి. గాజు మాత్రం అప్పుడే తుడిచి పెట్టినట్టు ఉంది. సత్యవేణి వరండాలోకి వెళ్ళి కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. ఆమెకి తన కూతురు జాహ్నవి ముఖం గుర్తొచ్చింది.

జాహ్నవికి ఆరేళ్ళప్పుడు పెళ్ళికి వెళ్తూ తల్లీకూతుళ్ళు ఒక పాత బస్సు ఎక్కారు. పిల్ల కిటికీ పక్క కూర్చుంటానని మారాం చేసింది. ఎదురుగా వచ్చిన కంకర లారీ చక్రం కింద నుంచి రాయి లేచి కిటికీకి కొట్టింది. బస్సు యజమాని చవగ్గా బిగించిన, ఇళ్ళ కిటికీలకి వాడే మామూలు అద్దం అది. కత్తి ముక్కల్లా పగిలి లోపలికొచ్చింది. పిల్ల కుడికన్ను దక్కలేదు. అప్పటికి సత్యవేణి మందుసీసాల గాజు మీద పనిచేస్తోంది. ఆసుపత్రి నుంచి తిరిగి ఉద్యోగానికి వచ్చిన రోజున పై అధికారి అనంతపద్మనాభం గారి గదిలోకి వెళ్ళి, ఇకమీదట పగలని గాజు మీదే పనిచేస్తానని చెప్పింది. ఆయన వద్దనలేకపోయాడు.

*

గాజుని ముందుగా ఎక్కడ బిగించి చూడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సత్యవేణి క్షణం ఆలోచించలేదు. జాహ్నవి చదివే బడి బస్సుకి. ఆ బస్సు నడిపేది సత్యవేణి అన్నయ్య తాతాజీయే. బడి యాజమాన్యాన్ని ఒప్పించింది ఆమె. అనుమతులు తెచ్చింది ఆమె. ఆదివారం పూట షెడ్డులో నిలబడి కిటికీలన్నీ దగ్గరుండి బిగించింది కూడా ఆమే. డ్రైవరు పక్కనున్న చిన్న జరుపు కిటికీకి తప్ప, తెరుచుకోకుండా బిగించిన మిగతా అన్నిటికీ కొత్త గాజే.

ఆ రోజు బస్సు కడగడానికి, పిల్లల్ని అందులో ఎక్కించి దించే ఆయా మరిడమ్మ వచ్చింది. నిండైన మనిషి. బస్సు మెట్టు ఎక్కితే బస్సు ఒక పక్కకి ఒరిగేది. పిల్లలు నవ్వితే తనూ నవ్వేది.

"ఏటమ్మా, అన్నీ అద్దాలే గదా. ఇందులో ఏటుంది అంత గొప్ప?" అంది, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి బకెట్టు కింద పెడుతూ.

సత్యవేణికి ఇలాంటి ప్రశ్నంటే ఇష్టం. "రా మరిడమ్మా, ఇలా కూచో," అని ముగ్గురు పిల్లలు కూర్చునే సీటు చూపించింది. అప్పుడే అక్కడ ఆడుకుంటున్న జాహ్నవినీ ఇంకో పిల్లనీ అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టి, నడుమ మరిడమ్మని ఇరుక్కోమంది. మరిడమ్మ మూలుగుతూ కూర్చుంది. పిల్లలిద్దరూ రెండు పక్కలా అదుముకుపోయారు.

"ఇప్పుడు బస్సు ఎంత ఊగినా వీళ్ళు పడతారా?"

"ఎలా పడతారండీ. కదల్లేక సస్తన్నారు."

"గాజు పైపొరలో చిన్న చిన్న అణువులుంటాయి. కరిగించిన ఉప్పులో ముంచితే ఆ చిన్నవి బయటికొచ్చేసి, వాటి చోట నీలాంటి పెద్దవి దూరతాయి. దాంతో పైపొర బిగుసుకుపోతుంది. ఇంతవరకూ అందరూ చేసేదే. నా గాజులో ఆ పెద్దవి ఒకచోట కూర్చోవు. ఎక్కడైనా బీట పడి సందు వచ్చిందనుకో, అన్నీ అక్కడికే పరిగెత్తి సందు పూడ్చేస్తాయి."

మరిడమ్మ ఆలోచించింది. "అంటే దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి ఆయా పరిగెట్టినట్టు."

"అంతే."

"మరలా సెప్పండి మొదటే," అని లేవబోయి లేవలేక, ఇద్దరు పిల్లల చేతులూ పట్టుకుని లేచింది.

ఆ వానాకాలంలో ఒకసారి బైపాసు మీద కంకర రాయి వచ్చి జాహ్నవి పక్క కిటికీకే కొట్టింది. సాయంత్రం తాతాజీ చెల్లెలి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే ఆ సంగతి చెప్పాడు. "టప్పుమంది సత్యా. బండి ఆపి చూస్తే గీత ఉంది. నే చూస్తుండగానే మూసుకుపోయింది. మన జానీ బెదరలేదు కూడానూ." ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. సత్యవేణి భర్త శ్రీహరి ఓడరేవు నుంచి అప్పుడే వచ్చాడు. ఆ కబురు విని, లోపలికి వెళ్ళకుండా అటునుంచటే మిఠాయి దుకాణానికి వెళ్ళాడు.

*

కార్తీకంలో అల్పపీడనం పట్టింది. విడవకుండా వాన. ఒక మధ్యాహ్నం పరిశోధనశాలకి ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చారు. కార్లకీ రైళ్ళకీ ఈ గాజు చేస్తామని, ముందు కళ్ళతో చూడాలని అడిగారు. రహమతుల్లా సుత్తితో కొడుతున్నాడు, బీట మూసుకుంటోంది, వచ్చినవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు సత్యవేణి ఫోను మోగింది. బడి వాళ్ళు ఒంటిపూటకే సెలవిచ్చి పిల్లల్ని ముందే పంపేశారనీ, బస్సు పెద్దకాలువలో పడిందనీ అవతలి గొంతు చెప్పింది.

ఆమె వెళ్ళేసరికి కాలువ గట్టు నిండా జనం. గట్టు కోసుకుపోయి, బస్సు తలుపు వైపుకి ఒరిగి నీళ్ళలో పడుకుని ఉంది. పైకి తేలిన కిటికీల మీద వాన కురుస్తోంది. తువ్వాళ్ళు చుట్టుకున్న పిల్లలు ఎవరింటి అరుగు మీదో వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో జాహ్నవి ఉంది. సత్యవేణి పిల్లని ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎత్తుకునే వయసు దాటిపోయింది. అయినా దించలేదు.

తాతాజీ బస్సు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో జాకీ రాడ్డు ఉంది. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని దిగమంటున్నారు. అతను ఆ గాజు వైపే చూస్తున్నాడు.

పిల్లలందరూ బతికారు. మరిడమ్మ బతకలేదు.

ఏం జరిగిందో జాహ్నవి మర్నాడు చెప్పింది. తల్లి ఒళ్ళో పడుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"తలుపు మట్టిలో కూరుకుపోయిందమ్మా. మామయ్య తన చిన్న కిటికీలోంచి పైకెక్కాడు. మరిడమ్మ మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే ఎత్తి ఆ కిటికీలోంచి అందించింది. నీళ్ళొస్తున్నాయి. మామయ్య వేరే కిటికీలు రాడ్డుతో కొట్టాడు. అద్దం పగిలిందమ్మా. నేను చూశాను, పెద్ద గీత పడింది. మామయ్య రాడ్డు మళ్ళీ ఎత్తేలోపు అతుక్కుపోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అతుక్కుపోయింది."

తల్లి కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"మరిడమ్మ ఆ చిన్న కిటికీలోంచి పట్టలేదు."

సత్యవేణి పిల్ల జుట్టు సవరించింది. నియమం ప్రకారం బస్సులకి బిగించే అద్దమైతే రాడ్డు తగలగానే మరమరాల్లా రాలిపోయేది. ప్రమాదంలో మనుషులు బయటపడేది అలాగే. ఆ సంగతి ఆమెకి తెలియదా? తెలుసు. కానీ ఇన్నాళ్ళూ బయటి నుంచి లోపలికొచ్చే రాయి గురించే ఆలోచించింది. లోపల చిక్కుకుని బయటికి రావలసిన మనిషి ఒక్కసారి కూడా ఆమె మనసుకి తట్టలేదు.

*

అనంతపద్మనాభం గారు చెడ్డవాడు కాదు. పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి. ఆ పరిశోధనశాల మూతపడకుండా ఇన్నేళ్ళు ఎన్ని గడపలు ఎక్కాడో ఆయనకే తెలుసు.

"సత్యవేణీ, గాజు చెయ్యాల్సిన పని గాజు చేసింది. గట్టు తెగడం మన తప్పు కాదు," అన్నాడు. "నివేదికలో ఉన్నదున్నట్టు రాద్దాం. గాజు విఫలం కాలేదు. అది నిజమే కదా."

"నిజమే సార్. అందుకే మరిడమ్మ పోయింది."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఏం చేద్దామంటావు?"

"ఆ బస్సుకి ఉన్నవన్నీ పీకించేద్దాం. కంపెనీ వాళ్ళకి ఇప్పుడే ఇవ్వనని చెప్పండి. తరవాత ఇందులో నేను పనిచేస్తానో లేదో నాకే తెలియదు."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. కంపెనీ వాళ్ళని ఒక ఏడాది ఆపగలనన్నాడు. అంతకు మించి తన చేతిలో లేదన్నాడు. సత్యవేణి సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

తాతాజీ బండి నడపడం మానేశాడు. పగలంతా పెరట్లో మంచం మీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు. జాహ్నవి అతని పక్కన కూర్చుని హోంవర్కు చేసుకునేది. సత్యవేణి వెళ్ళి ఎదురుగా నిలబడితే, "నీ తప్పేం లేదులే సత్యా," అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ చూపు పక్కకి తిప్పుకునేవాడు.

మరిడమ్మ కూతురు భవాని రొయ్యల కంపెనీలో పనిచేసేది. దినకర్మలు అయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున సత్యవేణి ఇంటి గేటు ముందు వచ్చి నిలబడింది. మంచునీళ్ళలో నాని పాలిపోయిన వేళ్ళు, చేతిలో టిఫిను డబ్బా. డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగినట్టుంది.

"లోపలికి రామ్మా," అంది సత్యవేణి.

"వద్దండి. ఒక్కటి అడుగుదారని వచ్చేను. ఆ అద్దం ఎలా మూసుకుపోద్దో నాకోసారి సూపిత్తారా?"

సత్యవేణి గేటు గడియ తీసింది. "ఎందుకు భవానీ?"

"మా అమ్మ ఆకరికి సూసింది అదే గదండీ. నేనూ సూడాలి."

కాదనడానికి సత్యవేణికి ఏ హక్కూ లేదనిపించింది. అదే బట్టలతో ఆటో పిలిచి భవానిని పరిశోధనశాలకి తీసుకెళ్ళింది. రహమతుల్లా ఆ అమ్మాయిని చూసి, ఎవరో అడక్కుండానే అర్థం చేసుకుని, గాజు పలక చట్రానికి బిగించి సుత్తి ఆమె చేతికిచ్చాడు.

భవాని కొట్టింది. బీట పడింది. నిలబడి చూసింది. మూసుకుంది. మళ్ళీ కొట్టింది. ఈసారి బలంగా. మూసుకుంది. తరవాత చూడ్డం మానేసి కొడుతూనే ఉంది, ఊపిరి ఎగబోస్తూ, జుట్టు ముడి ఊడిపోయి. సత్యవేణి ఆపబోతే రహమతుల్లా వద్దని తల అడ్డంగా తిప్పాడు. చివరికి సుత్తి ఆ అమ్మాయి చేతిలోంచి జారి కింద పడింది. గాజు మీద ఆమె ముఖమే కనిపిస్తోంది, గీత లేకుండా.

భవాని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇది మంచిదేనండి," అంది కాస్త స్థిమితపడ్డాక. "జానీ పాప కన్ను పోయిన సంగతి మా అమ్మ సెప్పింది. ఇంకే పిల్లకీ అలా అవ్వకూడదని మీరు సేసేరంట. కానీ మేడంగారూ, దీనికి పట్టుకోటం ఒక్కటే నేర్పేరు. వదలటం నేర్పలేదు."

"నేను మానేస్తున్నాను భవానీ. ఈ పనిలో ఇక ఉండను."

"మానేత్తే?" ఆ అమ్మాయి మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. "మీరు మానేత్తే ఇంకోళ్ళు సేత్తారు. ఆళ్ళకి మా అమ్మ ఎవరో తెలీదు. మీకు తెలుసు. మీరే సెయ్యాలి."

టిఫిను డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. సత్యవేణి నేల మీద పడిన సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. రహమతుల్లా వైపు తిరిగి, "కొలిమి వెలిగించండి," అంది.

*

ఆ తరవాత నెలలన్నీ ఒక్కటే ప్రశ్న. దెబ్బ తగిలితే పట్టి ఉంచాలి, మనిషి అడిగితే వదిలెయ్యాలి. గాజుకి రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది?

వేడి పెట్టి చూశారు. పలక ఎర్రబడేదాకా వదల్లేదు. మధ్యలో మెత్తటి పొర పెట్టి చూశారు. మానడమే ఆగిపోయింది. ఒక రోజు రహమతుల్లా టీ గ్లాసు తిప్పుతూ అన్నాడు, "సత్యవేణి గారూ, ఆ పెద్ద అణువులకి విద్యుదావేశం ఉంది కదా. లాగితే వస్తాయి. అన్నిటినీ ఒకే పక్కకి లాగేస్తే?"

పలకకి అటూ ఇటూ కంటికి కనిపించనంత సన్నటి లోహపు పూత పూసి, మూలనున్న పెద్ద యంత్రం నుంచి కరెంటు ఇచ్చారు. సీటులో ఇరుక్కున్న మరిడమ్మలందరూ ఒక్కసారిగా లేచి ఒకే పక్కకి వచ్చేసినట్టయింది. ఒక ముఖం ఉబ్బి, రెండో ముఖం వదులై, తన బరువు తానే మోయలేక పలక మొత్తం సగ్గుబియ్యంలా కిందికి జారిపోయింది. ఒక్క ముక్కకీ పదును లేదు. రహమతుల్లా గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూపించాడు. చెయ్యి తెగలేదు.

ఆ సాయంత్రం సత్యవేణి అన్నయ్య దగ్గరికి వెళ్ళి మంచం మీద పక్కన కూర్చుని చెప్పింది. తాతాజీ చాలా రోజుల తరవాత ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

"కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందే?"

"బస్సు బ్యాటరీ నుంచి."

"ముందు మునిగేదే బ్యాటరీ."

"అయితే కిటికీకో చిన్న బ్యాటరీ పెడదాం."

తాతాజీ తల ఊపాడు, కాదన్నట్టు. "మా బస్సుల్లో మందుల పెట్టెలో దూదుండదు. మంటలార్పే డబ్బా ఎప్పటిదో ఎవడికీ తెలీదు. కిటికీకో బ్యాటరీ మార్చమంటే ఎవడు మారుస్తాడు? పెట్టి మర్చిపోయినా పదేళ్ళ తరవాత పని చెయ్యాలి. అలాంటిది ఉంటే చెప్పు."

అలాంటిది లేదు. ఆమె దిగులుగా లేచి వచ్చింది. తాతాజీ మాత్రం ఆ రోజు మంచం దిగి గేటు దాకా వచ్చి సాగనంపాడు.

అలాంటిది ఆమె వంటింట్లోనే దొరికింది. ఆదివారం పొద్దున. పాలు పొయ్యి మీద పెట్టి గ్యాసు తిప్పి లైటరు నొక్కింది. టిక్కుమని నిప్పురవ్వ. పొయ్యి వెలిగింది. లైటరు పక్కన పెట్టబోయి ఆగిపోయింది. ఈ లైటరు పెళ్ళైన కొత్తలో కొన్నది. ఇన్నేళ్ళలో దానికి బ్యాటరీ వెయ్యలేదు, బాగు చెయ్యలేదు. లోపల చిన్న పలుకు ఒకటి ఉంటుంది. వేలితో నొక్కితే దాని మీద దెబ్బ పడుతుంది, ఆ దెబ్బే విద్యుత్తు అవుతుంది. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

పాలు పొంగిపోయాయి. శ్రీహరి వచ్చి పొయ్యి ఆపుతూ, "ఏమైంది?" అన్నాడు. ఆమె లైటరు చేతిలో పట్టుకుని మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. ముఖంలో నవ్వు ఉంది. ఆ నవ్వు ఆయన చూసి చాలా నాళ్ళైంది. గుడ్డ తెచ్చి పొయ్యి తుడిచాడు.

లైటరు రవ్వ చిన్నది. పెద్ద కిటికీని కూల్చడానికి దాని బలం చాలదు. దాంతో పోరాటం మళ్ళీ మొదలైంది. చివరికి పలకని పైనుంచి కింది దాకా కనిపించని గళ్ళుగా కట్టారు. ఒక గడి జారితే ఆ ఒత్తిడికి పక్క గడి జారుతుంది, దాంతో ఆ పక్కది. రవ్వ మొదటి గడిని కదిలిస్తే చాలు, మిగతా పని గాజే చేసుకుంటుంది. సుత్తి దెబ్బకి మాత్రం ఆ గళ్ళు కదలవు, ఎప్పటిలాగే మూసుకుంటాయి. కిటికీ అంచున ఎర్రటి పిడి ఒకటి పెట్టి, గట్టిగా కిందికి లాగితే లోపలి పలుకు మీద దెబ్బ పడేలా అమర్చారు. అనంతపద్మనాభం గారు వచ్చి తానే మొదటిసారి లాగి చూసుకున్నాడు. గాజు ఆయన బూట్ల మీద రాలింది. ఆయన చాలాసేపు ఆ గింజల్లోంచి కాళ్ళు కదపలేదు.

*

పరీక్ష ఒడ్డున కూర్చుని చేసేది కాదు, నీళ్ళలో చెయ్యాలి. పాడుబడ్డ బస్సు ఒకటి సంపాదించి, దానికి కొత్త కిటికీలు బిగించి, చేపలన్నీ పట్టేసిన ఒక పెద్ద చెరువు నీళ్ళలో క్రేనుతో దించే ఏర్పాటు చేశారు. లోపల మనిషి అక్కర్లేదు, తాడు కట్టి బయటి నుంచి పిడి లాగుదామని రహమతుల్లా అన్నాడు.

"లోపల నేనుంటాను," అన్నాడు తాతాజీ.

"వద్దన్నయ్యా."

"మనిషి చెయ్యి వణుకుతుంది సత్యా. నీళ్ళు గడ్డం దాకా వస్తే ఏ పిడి ఎక్కడుందో కనపడదు. తాడుకి ఆ సంగతి తెలీదు. నాకు తెలుసు."

ఎంత చెప్పినా వినలేదు. నడుముకి తాడు కట్టారు, ఇద్దరు గజఈతగాళ్ళని పక్కన ఉంచారు, పైకప్పుకి ముందే పెద్ద రంధ్రం కోసి పెట్టారు. భవాని ఆ రోజు డ్యూటీ మానుకుని వచ్చి, గట్టు మీద జాహ్నవి చెయ్యి పట్టుకుని నిలబడింది.

క్రేను కిర్రుమంది. బస్సు పక్కకి ఒరుగుతూ నీళ్ళలోకి దిగింది. కిటికీలోంచి తాతాజీ ముఖం కనిపిస్తోంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, రొమ్ము దాకా వచ్చాయి. అతను కదల్లేదు. చేతిలో రాడ్డు ఉన్నట్టు పిడికిలి బిగించి గాజు వైపే చూస్తున్నాడు. గజఈతగాడు ముందుకు కదిలాడు.

"మామయ్యా, లాగు," అని అరిచింది జాహ్నవి. క్రేను మోతలో ఆ కేక వినపడే అవకాశం లేదు. కానీ తాతాజీ తల తిప్పి ఆ పిల్ల వైపు చూశాడు. చెయ్యెత్తి తడిమాడు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికింది. లాగాడు.

పెద్ద శబ్దమేమీ రాలేదు. అప్పటిదాకా అక్కడున్న కిటికీ లేదు, అంతే. చెరువు నీళ్ళు లోపలికి దూకాయి. వాటికి ఎదురీది, తలా భుజాలూ బయటపెట్టి, తాతాజీ బస్సు మీదికి ఎక్కి కూర్చున్నాడు. చొక్కా నిండా గాజు గింజలు. దగ్గుతూ, ఏడుస్తూ, చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒక్క గీత లేదు.

సత్యవేణి గట్టు మీద కూర్చుంది. ఎవరో పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశారు. మంచునీళ్ళకి పాలిపోయిన వేళ్ళు. సత్యవేణి ఆ వేళ్ళు పట్టుకుంది.

మరుసటి వారం బడికి కొత్త బస్సు వచ్చింది. తాతాజీ మళ్ళీ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పిల్లలకి పిడి లాగడం నేర్పించడానికి మనిషి కావాలని బడి వాళ్ళు అడిగితే, భవాని రొయ్యల కంపెనీ మానేసి వచ్చింది. ప్రతి సోమవారం పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే కిటికీ దగ్గరికి పిలిచి, కళ్ళు మూసుకుని పిడి తడిమి పట్టుకోమనేది. కాగితాల మీద దానికి అనంతపద్మనాభం గారు పెట్టిన పొడుగాటి సంస్కృతం పేరు ఒకటుంది. అది పిల్లల నోరు తిరగలేదు. వాళ్ళు దాన్ని వేరే పేరుతో పిలుచుకున్నారు.

*

ఆ తరవాత కంపెనీ వాళ్ళు గాజు తీసుకున్నారు, పిడితో సహా. పిడి లేకుండా ఒక్క కిటికీ కూడా అమ్మకూడదని సత్యవేణి పట్టుబట్టి ఒప్పందంలో రాయించింది.

కొన్నేళ్ళకి ఆమె ఏదో సమావేశానికి మదనపల్లె వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో సాయంత్రం పూట తిరుపతి బస్సు ఎక్కింది. బస్సు నిండింది. బయల్దేరే ముందు కండక్టరమ్మాయి నడుమ దారిలో నిలబడి, రోజూ చెప్పే మాటే కాబట్టి గబగబా చెప్పింది.

"అందురూ వినండి. ఘాట్ రోడ్డులో ఏమన్నా అయితే తలుపు కాడికి తోసుకోని రావద్దు. మీ కిటికీ పక్కన ఎర్రగా ఉండాది చూడండి, మరిడమ్మ. మరిడమ్మను పట్టుకోని కిందికి లాగండి. అద్దం పూర్తిగా రాలిపోతాది."

సత్యవేణి చేతిలోని టిక్కెట్టు మీంచి చూపెత్తింది. ఆ అమ్మాయి తన సీటు దగ్గరికి వచ్చేదాకా ఆగి, "దాన్ని మరిడమ్మ అని ఎందుకంటారమ్మా?" అని అడిగింది.

"ఏమోమ్మా. దాని పేరే అది. నేను డ్యూటీలో చేరినప్పుడు అట్లే చెప్పినారు." చిల్లర సంచీలో వేసుకుంటూ ఒక్క క్షణం ఆగింది. "ఎవురన్నా దేవతేమో."

బస్సు కదిలింది. కిటికీలో కొండలు వెనక్కి పోతున్నాయి. సత్యవేణి పక్కకి జరిగి, సీటులో చోటిచ్చింది.

"దేవత కాదు. మా ఊరి బడి బస్సులో ఆయా," అంది. "కూచో తల్లీ, చెప్తాను."